గంపకు ఎక్కువ, ఆటోకు తక్కువ: పట్టణంలో కూరగాయల సాగు, వెనకటి కథ, మన లెక్క

ఈ ఏడాది మన సమాఖ్య సమావేశాల్లో పొదుపు, బ్యాంకు లింకేజీ ముచ్చట అయిపోయినంక ఎక్కువసార్లు వచ్చిన మాట కూరగాయల సాగు. వికారాబాద్‌లో, తాండూరులో మన సభ్యులు చాలామంది ఇంటి ముందర ఉన్న రెండు గజాల జాగలో, మిద్దె మీద, పాత బకెట్లలో, సిమెంటు సంచుల్లో పాలకూర, పుంటికూర, కొత్తిమీర, టమాట పెంచుకుంటున్నారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదలుపెట్టినవాళ్లు కొందరు. అమ్మ దగ్గర నేర్చుకుని ఎన్నడూ మాననివాళ్లు కొందరు. "ఇంటికి సరిపోను వస్తున్నది కదా, ఇంకింత పెద్దగ చేసి అమ్ముకుంటే ఏమైతది? సమాఖ్య లోను ఇయ్యదా?" అని చాలామంది అడిగారు.

అడగడంలో తప్పు లేదు. కానీ సమాఖ్య ఇచ్చే లోను అంటే మన అందరి పొదుపు. ఒక సంఘం దెబ్బ తింటే పది సంఘాలకు బాకీ పడుతుంది. అందుకని జవాబు చెప్పేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూద్దామనుకున్నాం. పట్టణంలో కూరగాయలు పండించడం మనతో మొదలు కాలేదు. మనకంటే ముందు ఎందరో చేశారు. అది ఎక్కడ నిలబడింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది అన్నది తెలిస్తే మన నిర్ణయం సులువైతది.

రెండు వాగులు, ఒక రైలు

మన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోయి హైదరాబాద్ నగరం మధ్యలోంచి పారి, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇదే కొండల నీళ్లు పడమరకు దిగి కాగ్నాలో చేరి తాండూరు పక్కనుంచి భీమా నదికి పోతాయి. ఒక్క కొండ నీళ్లు ఒక దిక్కున మహానగరానికి, ఇంకో దిక్కున మన తాండూరుకు.

1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పట్టాలు పడ్డాయి. వికారాబాద్, తాండూరు రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. రైలు వచ్చిన తర్వాత మన ఊళ్ల పంటకు దూరపు బజారు దగ్గరయింది. పొద్దుటి ప్యాసింజర్‌లో కూరగాయల గంపలు, పాల క్యాన్లు ఎక్కించుకుని పట్నం పోయి, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో తిరిగొచ్చిన అమ్మలు, అత్తమ్మలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. కాబట్టి పట్నానికి తిండి పెట్టడం మనకు కొత్త పని కాదు. కొత్త సంగతి ఏమంటే, అప్పుడు మనం పల్లె నుంచి పట్నానికి పంపేవాళ్లం. ఇప్పుడు మన ఊళ్లే పట్నాలు అవుతున్నాయి. మన వికారాబాద్ బజారుకే ఇప్పుడు బయటి నుంచి కూరగాయల బండ్లు వస్తున్నాయి.

ఊరు పెరిగితే ముందు పోయేది తోట

హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, జాంబాగ్ అని పేర్లు వింటాం. బాగ్ అంటే తోట. వాటిలో కొన్ని పెద్దింటివాళ్ల తోటలు. ఇప్పుడు అక్కడ పేరే మిగిలింది. తోట జాగలో ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు వచ్చాయి. కానీ నాంపల్లి దగ్గర బాగే ఆమ్, అంటే పబ్లిక్ గార్డెన్స్, ఇప్పటికీ ఉంది. తేడా ఏమిటి? అది సర్కారు పేరు మీద ఉన్న తోట, అందరిదీ అని రాసి పెట్టిన తోట. ఒక్క మనిషి అమ్ముకోవడానికి లేదు.

ఈ కథలో మనకు మొదటి పాఠం ఉంది. ఊరు పెరిగేటప్పుడు ఊరి అంచున ఉన్న కూరగాయల మడి జాగకే ముందు ధర వస్తుంది. పాలకూర ఎంత బాగా పండినా ప్లాటు ధరతో పోటీ పడలేదు. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయింది. మన ఊరు జిల్లా కేంద్రం అయిందని మనమందరం సంతోషపడ్డాం. అప్పటినుంచే ఊరి చుట్టూ వెంచర్లు, హద్దురాళ్లు, రంగు జెండాలు కూడా పెరిగాయి. అంతకుముందు చిక్కుడు పందిళ్లు ఉన్న జాగలు ఎన్ని ప్లాట్లయ్యాయో మన సభ్యులకు చెప్పక్కర్లేదు.

నగరం కింద మూసీ ఒడ్డున

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత వరదను ఆపడానికి, తాగునీటికి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. పైన వచ్చే మంచినీళ్లు చెరువుల్లో ఆగాయి. నగరం పెరిగిన కొద్దీ కింద మూసీలో పారేది ఎక్కువగా నగరం వాడి వదిలిన మురుగు నీళ్లే అయ్యాయి.

ఆ నీళ్లతోనే నగరం లోపల, నగరం దిగువన వందల కుటుంబాలు బతికాయి. గేదెలకు పారా గడ్డి, బజారుకు ఆకుకూరలు పండించాయి. ఏడాది పొడవునా ఆగకుండా వచ్చే నీళ్లు కాబట్టి కరువు భయం లేదు. మొదట వరి వేసినవాళ్లు నీళ్లు చెడిపోయాక నగరం దగ్గర వరి మానేసి గడ్డికి మారారు. ఆ మడుల్లో వంగి కోసింది, కట్టలు కట్టింది, నెత్తిన పెట్టుకుని అమ్మింది ఎక్కువగా ఆడవాళ్లే. చేతులకు, కాళ్లకు దురదలు, జ్వరాలు వచ్చింది కూడా వాళ్లకే. ఈ సాగు మీద పరిశోధకులు ఎంతో రాశారు.

ఇక్కడ రెండో పాఠం. పట్టణంలో నీళ్లు ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ ఏ నీళ్లు అన్నది అడగాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన, ఉల్లాకు మీద మురుగు నీళ్లు పారించడం తినేవాళ్లకూ, చేసేవాళ్లకూ మంచిది కాదు. మన దగ్గర మోరీ పక్క జాగ "ఊరికే పడి ఉంది, నీళ్లు కూడా ఉన్నాయి" అని ఎవరైనా అంటే మనం సంబరపడి ఒప్పుకోకూడదు.

కాగితం కాపాడిన తోటలు

మూసీ వరద వచ్చిన అదే 1908లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. పట్టణంలో ఉండే కూలి జనం కూరగాయలు వేసుకోవడానికి చిన్న మడులు అడిగితే స్థానిక పాలక సంస్థ జాగ చూపించాలని ఆ చట్టం చెప్పింది. ఆరుగురు ఓటర్లు కలిసి అర్జీ పెడితే దాన్ని పట్టించుకోవాలి. 1925లో ఇంకో చట్టం వచ్చి, అట్లా కేటాయించిన జాగను సర్కారు అనుమతి లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు అక్కడ పార్కులు, ఆటస్థలాలు కూడా దున్ని కూరగాయలు వేశారు. అమెరికాలోనూ అట్లనే చేశారు. మన దేశంలో 1943 నాటి కరువు రోజుల్లో ఆహారం ఎక్కువ పండించండి అని ప్రచారం జరిగింది. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తన ఇంటి ముందర పచ్చిక దున్నించి పంట వేయించారు. కష్టకాలంలో అన్ని దేశాలూ పెరటి తోటను తలుచుకున్నాయి. కష్టం తీరగానే పార్కులు మళ్లీ పార్కులయ్యాయి, తోటలు ఆగిపోయాయి. నిలిచిన వాటిలో ఎక్కువ భాగం చట్టంలో పేరు ఉన్న ఆ చిన్న మడులే. ఇప్పటికీ అక్కడ వాటి కోసం జనం పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు.

మన పక్కనే ఇట్లాంటి ఇంకో కథ ఉంది. 1996లో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. చెరువుల నీళ్లు చెడిపోవద్దని తెచ్చిన జీవో అది. కానీ దాని నీడన మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కూరగాయలు, పూలు పండించే జాగ చాలా కాలం మిగిలింది. ఫాంహౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు రాలేదని కాదు, వచ్చాయి. "పక్క ఊళ్లో ఎకరం కోట్లకు పోతే మా భూమికి ధర లేకపాయె" అని అక్కడి రైతులు బాధపడ్డారు. ఆ బాధలోనూ న్యాయం ఉంది. తోట నిలవడం వల్ల లాభం నగరానికి, నష్టం భూమి ఉన్నవాడికి అయితే ఆ కాగితం ఎక్కువ కాలం ఉండదు. 2022లో సర్కారు ఆ జీవోను ఎత్తేసి 69 జీవో తెచ్చింది.

తిప్పి తిప్పి చూస్తే ఒకటే కనిపిస్తుంది. కాగితం ఉన్నంత కాలం తోట ఉంది.

వేరే దేశాల్లో పెద్దగా చేసినవాళ్లు

పట్టణ సాగును నిజంగా పెద్ద ఎత్తున చేసిన చోట్లు లోకంలో కొన్ని ఉన్నాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు క్యూబా దేశానికి చమురు, ఎరువులు, తిండి గింజలు రావడం ఒక్కసారిగా తగ్గిపోయింది. రాజధాని హవానాలో ఖాళీ జాగలన్నీ కూరగాయల మడులు చేశారు. అక్కడి సర్కారు నాలుగు పనులు కలిపి చేసింది. సాగు చేస్తున్నంత కాలం జాగ వాడుకోమని ఇచ్చింది. విత్తనాలు, కంపోస్టు దగ్గర్లోనే దొరికేట్టు చేసింది. నేర్పించే మనుషులను పెట్టింది. మడి పక్కనే చిన్న దుకాణం పెట్టి అమ్ముకోనిచ్చింది. కోసిన కూర అక్కడే అమ్ముడుపోతే ఆటో కిరాయి లేదు, కమీషన్ లేదు, వాడిపోయేది లేదు.

అర్జెంటీనా దేశంలో రొసారియో అనే పట్టణం ఉంది. 2001లో ఆ దేశంలో బ్యాంకులు మూతపడి, పనులు పోయి, జనం రోడ్డున పడ్డారు. 2002లో ఆ పట్టణ మున్సిపాలిటీ ఖాళీ జాగలు వెతికి, రైలు పట్టాల పక్కన, వాగుల ఒడ్డున ఉన్న జాగలతో సహా, కుటుంబాలకు సాగుకు ఇచ్చింది. వాళ్ల కూర అమ్ముకోవడానికి పట్టణంలోనే అంగళ్లు పెట్టించింది. పండించేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కష్టకాలం పోయినా అక్కడ పని ఆగలేదు. ఎందుకంటే మున్సిపాలిటీ తన పట్టణ ప్లానులోనే ఆ జాగలకు సాగు అని పేరు పెట్టింది. 2021లో ఆ పట్టణానికి ఈ పనికి పెద్ద అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

రైలు పట్టాల పక్క జాగ అంటే మనకూ గుర్తొస్తుంది. మన రైల్వేకు కూడా ఖాళీ జాగలో పంట వేసుకోనిచ్చే పథకం ఉంది. కాకపోతే అది రైల్వేలో పనిచేసే చిన్న ఉద్యోగులకు. మన సంఘాలకు కాదు.

మన సంఘాలు నడిచిన దారి

1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. 2000లో వెలుగు, ఆ తర్వాత ఇందిరా క్రాంతి పథం. పట్టణాల్లో పేద మహిళల కోసం 2007లో మెప్మా ఏర్పడింది. స్లమ్ సమాఖ్యలు, పట్టణ సమాఖ్యలు అప్పటినుంచి నడుస్తున్నాయి. పొదుపు చేయడం, పుస్తకం రాయడం, బ్యాంకు మెట్లు ఎక్కడం మనకు బాగా వచ్చాయి. కానీ మన లోన్లు ఎక్కువగా కిరాణం, కుట్టు మిషను, బర్రె, పిల్లల ఫీజులకు పోయాయి. భూమి మీద కలిసి పనిచేయడం పట్టణ సంఘాలకు అలవాటు కాలేదు.

పల్లెల్లో అది జరిగింది. మనకు దగ్గర్లోనే జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తున్నది. అక్కడ దళిత మహిళల సంఘాలు పడావు పడ్డ భూములు కౌలుకు తీసుకుని, కలిసి సాగు చేసి, సొంత విత్తనం దాచుకున్నాయి. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీలో మహిళలు నలుగురైదుగురు జట్టుకట్టి భూమి కౌలుకు తీసుకుని వరి, కూరగాయలు పండిస్తున్నారు. రెండు చోట్లా మొదటి పని విత్తనం కాదు. భూమి ఎవరిది, ఎన్నేళ్లకు, ఎంతకు అన్న ఒప్పందం.

పట్టణాల కూరగాయల కోసం సర్కారు చేసినవీ ఉన్నాయి. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్ముకునే మంచి ఏర్పాటు. కానీ అక్కడ కూర్చోవాలంటే రైతు అనే గుర్తింపు కార్డు కావాలి. ఇంకొకరి ప్లాటులో పండించే పట్టణపు ఆడమనిషి చేతిలో పాస్‌బుక్కు ఉండదు కాబట్టి తను రైతునని చూపించుకోవడమే కష్టం. 2011-12లో కేంద్రం నగరాల చుట్టూ కూరగాయలు పెంచే పథకం తెచ్చి బడ్జెట్‌లో 300 కోట్లు పెట్టింది. హైదరాబాద్‌లో మిద్దె తోటలకు సగం ధర సబ్సిడీతో కిట్లు కూడా ఇచ్చారు. మంచిదే. కానీ ఆ కిట్టు పెట్టుకోవాలంటే సొంత మిద్దె ఉండాలి. రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండే మనవాళ్లకు ఇంటామె మిద్దె మీదికి పోనిస్తే కదా!

మన దగ్గర జరిగినవి

వికారాబాద్‌లో మన సంఘం ఒకటి ఊరి చివర ఖాళీ ప్లాట్లలో సాగు మొదలుపెట్టింది. "ఎట్లాగూ ఖాళీగనే ఉన్నది, ముళ్ల చెట్లు పెరగకుంట ఉంటది, దున్నుకోండి" అని జాగ ఓనర్ నోటిమాట ఇచ్చాడు. అక్కడ ఎర్ర నేల, మొరం. నీళ్లు నిలవవు, బలం తక్కువ. మనవాళ్లు సంఘంలో అప్పు తీసుకుని పశువుల ఎరువు తోలించారు, కంచె కట్టారు, డ్రమ్ములు కొన్నారు. మొదటి పంట అంతంత మాత్రం. రెండో పంట బాగొచ్చింది. మూడో పంట మొలకెత్తి ఉండగా జేసీబీ వచ్చింది. ఓనర్ జాగ అమ్మేశాడు. అతను అబద్ధమాడలేదు, మనం కాగితం అడగలేదు. మడి పోయింది గానీ అప్పు పోలేదు. ఆ సంఘం అక్కలు కూలికి పోయి దాన్ని తీర్చారు. వాళ్లు తీర్చారని గర్వంగా చెప్పుకుంటాం. కానీ అట్లా ఇంకో సంఘానికి జరగవద్దు.

తాండూరు కథ వేరు. అక్కడ నల్లరేగడి, కింద సున్నపురాయి. ఆ నేల కందికి పెట్టింది పేరు. 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ కందికి నచ్చిన నేలలో టమాట ఊరికే రాదు. వానకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మడి జానెడు ఎత్తు కట్టుకోవాలి. ఊళ్లో బండల పాలిషింగ్ పని జరిగే వాడల్లో తెల్ల దుమ్ము ఆకుల మీద పూతలాగా పడుతుంది. ఆకుకూర కడిగి కడిగి చేతులు నొస్తాయి, కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారు.

తాండూరులో పాత ఇళ్లకు నాపబండల మిద్దెలు చాలా ఉన్నాయి. వాటి మీద మట్టి పోసి మడి కడదామని కొందరు అడిగారు. దయచేసి ఈ లెక్క చూడండి. ఒక చదరపు మీటరులో అడుగు ఎత్తు తడి మట్టి పోస్తే సుమారు 500 కిలోల బరువు. కొత్త స్లాబు మిద్దెకే మనుషులు తిరగడానికి చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన డిజైను చేస్తారు. బండల మిద్దె సంగతి చెప్పేదేముంది! మిద్దె మీద కుండీలు పెట్టేవాళ్లు తేలికైన కంపోస్టు, కొబ్బరి పొట్టు వాడండి. కుండీలను గోడల మీదికి వచ్చేట్టు అంచుల వెంట పెట్టండి. బండల మిద్దె మీద మట్టి మడి వద్దే వద్దు.

లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. పెద్దగా చేస్తే ఏమైతది?

120 గజాల జాగ అనుకుందాం. అంటే 100 చదరపు మీటర్లు. పాలకూర బాగా వస్తే చదరపు మీటరుకు ఒక కోతకు సుమారు ఒక కిలో. నెలకు ఒక కోత, 100 కిలోలు. కిలో 20 రూపాయలకు పోయిందనుకుంటే 2,000. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు తక్కువలో తక్కువ 5 లీటర్ల నీళ్లు కావాలి. నెలకు 15,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. అయిదుగురు సభ్యులు రోజూ వంతులవారీగా నీళ్లు పెట్టి, కలుపు తీసి, కట్టలు కట్టి అమ్మితే మనిషికి నెలకు 400 రూపాయలు. అదీ ట్యాంకరు పైసలు తీయక ముందు! నీళ్లు కొని ఈ సాగు చేయలేం. బాయి గానీ బోరు గానీ ఉన్న చోటనే చేయాలి.

సరే, జాగ పెంచుదాం. అర ఎకరం తీసుకుంటే 20 రెట్లు. లెక్కకు నెలకు 2,000 కిలోల ఆకుకూర. దాన్ని గంపలో పెట్టుకుని వాడ తిరిగి అమ్మలేం. ఒక ఆటో నింపి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపుదామంటే రోజుకు వచ్చే 60, 70 కిలోలకు ఆటో కిరాయి గిట్టదు. ఒకేసారి కోద్దామంటే పాలకూర ఒక్క రోజుకే వాడిపోతుంది. గంపకు ఎక్కువ, ఆటోకు తక్కువ. పట్టణ సాగు పెంచాలని చూసిన చాలామంది ఈ నడుమనే ఇరుక్కుంటారు. చిన్నగా ఉన్నన్నాళ్లు ఇంటి మనుషుల చేతి పని, పంపు నీళ్లు, వాడ బజారు సరిపోతాయి. చాలా పెద్దగా ఉంటే బోరు, డ్రిప్పు, సొంత బండి పెట్టుకోవచ్చు. నడుమన ఉన్నవాళ్లకు చిన్న దాని సులువు పోతుంది, పెద్ద దాని లాభం రాదు.

అట్లని ఇంటి తోట పనికిరాదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్ద మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలంటుంది. అయిదుగురుండే ఇంటికి రోజుకు రెండు కిలోలు. మన ఇళ్లల్లో అంత తినేవాళ్లెవరు? పది చదరపు మీటర్ల పెరడు అంత పెట్టలేదు గానీ వారంలో మూడు నాలుగు రోజులు ఆకుకూర పెట్టగలదు. రక్తం తక్కువున్న ఆడపిల్లలకు, బాలింతలకు అది చిన్న విషయం కాదు. దానికి లోను అక్కర్లేదు, జాగ ఓనర్ అక్కర్లేదు.

మా ప్రతిపాదన

ఇంటి తోట ఒక పని, అమ్మకపు తోట ఇంకో పని. మొదటిది పెద్దగా చేసుకుంటూ పోతే రెండోది అవదు. ఇది మాకు అర్థమైన సంగతి. అందుకని రెంటినీ వేరువేరుగా పెట్టి మహాసభ ముందుకు తెస్తున్నాం.

ఇంటి తోటలను పెద్దవి చేయడం కాదు, ఎక్కువ చేద్దాం. ప్రతి సంఘంలో ఒక అక్క తోటకూర, పుంటికూర, చిక్కుడు, బీర విత్తనం ఎండబెట్టి దాచి మిగతా సభ్యులకు ఇవ్వాలి. తడి చెత్తను కంపోస్టు చేయడం ఆర్‌పీలు వాడవాడలో చూపిస్తారు. దీనికి సమాఖ్య అప్పు ఇవ్వదు, చెయ్యి ఇస్తుంది.

అమ్మకపు తోటకు లోను అడిగే సంఘం మూడు చూపించాలి. మొదటిది, జాగకు రాతపూర్వకమైన కౌలు లేదా అనుమతి, పెట్టిన ఎరువు ఖర్చు తిరిగి వచ్చేన్ని ఏళ్లకు. రెండోది, ఎండాకాలంలో కూడా ఉండే శుభ్రమైన నీళ్లు, కొనే నీళ్లు కాదు. మూడోది, కోయకముందే ఎవరు కొంటారో, ఎంత కొంటారో. వాడలో రోజూ కొనే ఇళ్లు, హాస్టళ్లు, మెస్సులు, చిన్న హోటళ్లు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మన సభ్యులు వెండింగ్ సర్టిఫికెట్ తీసుకుని కూర్చునే జాగ కూడా దీంట్లోకే వస్తుంది. మూడింటిలో ఒకటి లేకున్నా ఆ ఏడాదికి ఆగుదాం.

జాగ విషయంలో ఒక దారి మన చేతిలో ఉంది. లేఅవుట్లలో పార్కులకు వదిలిన ఖాళీ జాగ మున్సిపాలిటీ పేరు మీద ఉంటుంది. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. ఆ జాగలో ఒక మూల ఆకుకూరల మడికి, నర్సరీకి సంఘం పేరు మీద రాసి ఇవ్వమని అడుగుదాం. నోటిమాట వద్దు, తీర్మానం కావాలి. ఇస్తారా లేదా ముందే చెప్పలేం. అడిగే హక్కు మాత్రం మనకు ఉంది. ఒక్కరు అడిగితే అర్జీ అవుతుంది, సమాఖ్య అడిగితే ఎజెండాలోకి వస్తుంది.

కాబట్టి వచ్చే నెల సమావేశానికి ప్రతి స్లమ్ సమాఖ్య ఒక కాగితం రాసుకుని రావాలి. మీ వాడలో మున్సిపాలిటీ ఖాళీ జాగ ఎక్కడుంది, ఎన్ని గజాలు, పక్కన బాయి గానీ బోరు గానీ ఉందా, ఆ దారిలో రోజూ కూర కొనే ఇళ్లు ఎన్ని. జేసీబీ కింద మడి పోగొట్టుకున్న ఆ సంఘం అక్కలను ఆ రోజు ముందు వరుసలో కూర్చోబెట్టి, మొదట వాళ్లనే మాట్లాడమంటాం. ఈ కథలో అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్లకే.